మూరెడు గోడలు

"ఈ ఇల్లు కూల్చేయమని రాసెయ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది," అన్నాడు ముసలాయన.

పాత కట్టడాల ఆఫీసరమ్మ నవ్వి టేపు సాగదీసింది. పార్కు పెద్ద గేటు పక్కన, కాపలాదారు కోసం నూరేళ్ల కిందట కట్టిన రాతి ఇల్లు అది. ఇప్పుడు గేటు అవతలి వీధికి మారింది. ఇక్కడ మిగిలింది ఆ ఇల్లూ, ఉద్యోగం మానుకున్న కాపలాదారూ, అతని భార్యా. ఇంటిని నిలపాలో, రోడ్డు కోసం పడగొట్టాలో తేలేది ఆవిడ సంతకంతోనే.

పైకప్పు కారుతుందన్నాడు. చెదలన్నాడు. పొగగొట్టం ఇవాళో రేపో అన్నట్టుందన్నాడు. ఆవిడ మాత్రం ఎనిమిది పలకల ముందుగదినీ, పార్కువైపు కమాను కిటికీనీ ముచ్చటగా రాసుకుంటోంది.

"మిమ్మల్ని గడియారం అనేవారట కదా పెద్దాయనా? గంట కొట్టి తాళం వేశాక దేవుడొచ్చినా గేటు తీసేవారు కాదట."

"ఒకరికి తీస్తే పదిమందికి తీయాలమ్మా," అన్నాడు నేల చూస్తూ.

ఇలాంటి ఇళ్లు ఊళ్లో ఇంకో రెండున్నాయనీ, దీని గొప్పేమిటని పైవాళ్లు అడుగుతారనీ అందావిడ. ముసలాయన ముఖం కాస్త తేటపడింది.

బట్టలు మడతపెడుతున్న భార్య తలెత్తింది. చిన్నప్పుడే జ్వరంలో చెవులు పోయిన మనిషి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది.

"గోడలమ్మా. మూరెడు మందం. కిటికీ మూస్తే పార్కులో ఎంత అరిచినా లోపలికి వినపడదు. ఆయనే చెప్పారు."

"అదే నిజమైతే ఇల్లు నిలబడ్డట్టే. కాకపోతే పెద్దాయన పంతమే నెగ్గుతుంది. కిటికీ మూయండి, అక్కణ్ణుంచి పిలుస్తాను," అంటూ ఆఫీసరమ్మ పార్కులోకి నడిచింది.

అతను కిటికీ మూసి కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఒకసారి తలుపు తీయండి."

ప్రతి అక్షరం చెవి పక్కన చెప్పినట్టు వినపడింది.

ఆవిడ తిరిగొచ్చింది. "వినపడిందా?"

అవునంటే చాలు. ఇల్లు పోతుంది. ముప్పై ఏళ్లుగా అతను కోరుకుంటున్నది అదే. భార్య అతని పెదవుల వంకే చూస్తోంది.

"లేదమ్మా. ఒక్క ముక్క కూడా వినపడలేదు."

ముప్పై ఏళ్ల కిందట, గేటు మూశాక పార్కులో ఉండిపోయిన కూతురు తెల్లారి కొలనులో తేలినప్పుడు, "పిల్ల పిలవలేదా?" అని అడిగిన భార్యకు అతను చెప్పిందీ ఆ మాటే.