అబద్ధాలాయన పెళ్ళాం

"ఆ వాక్యం నేను కొట్టను" అన్నాడు భర్త, కీబోర్డు మీంచి చేతులు తీసేసి.

రచయిత్రి గుండె ఝల్లుమంది. ఆమె చెబుతుంటే అతను టైపు చెయ్యడం, సీరియల్ మొదలైన వారం నుంచీ ఇదే పద్ధతి. ఎంత చెత్త చెప్పినా నోరు మెదపకుండా టైపు కొట్టేసే మనిషి. ఇవాళ చూస్తే చివరి భాగం. పత్రిక వాళ్ళు పొద్దుట్నుంచీ ఫోను మీద ఫోను.

"ఏం, అందులో తప్పేముంది? 'ఇంక నా గడప తొక్కకు' అని భార్య మొగుణ్ణి బయటికి గెంటేసింది. అంతేగా!"

"పాపం, వాడెక్కడికి పోతాడు?"

పాపమట! ఊరంతా ఇదే వరస. కట్టుకున్నదాని కళ్ళుగప్పి, ఆఫీసు పనని చెప్పి ఇంకొకరితో తిరిగే ఆ వెధవని పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు. 'అబద్ధాలాయన' అని ముద్దుపేరు కూడానూ. ఆ భార్య ఏమైపోతోందని మాత్రం ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

"అంత మంచేం కనిపించిందండీ వాడిలో?"

"మంచేం లేదు. ఫోను మోగితే చాలు, ఎక్కడ దొరికిపోతాడోనని నాకు చెమటలు పట్టేవి. దొరక్కూడదని కోరుకున్నామంటే ఇంక మనం వాడి పక్షమే కదా. మంచివాళ్ళతో ఈ బాధ లేదు. మెచ్చుకుని పక్కన పడేస్తాం."

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఈ సీరియల్ అసలెందుకు మొదలెట్టిందో ఎవరితో చెప్పుకుంటుంది! బాత్రూంలో కుళాయి తిప్పి మాట్లాడిన ఫోన్లు, లేని మీటింగులు, ఈ ఇంట్లో జరిగినవే ఒక్కొక్కటీ అందులోకి దించింది. ఎక్కడైనా అతని వేళ్ళు తడబడతాయేమోనని కళ్ళప్పగించి చూసింది. ఏదీ! టకటకా కొట్టుకుంటూ పోయాడు. ఈ దాగుడుమూతలు ఇంక ఆమె వల్ల కాదు. కాపురం ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది, ఇవాళ తేలిపోవాల్సిందే.

"మీరు కొట్టకపోతే నేనే కొడతాను, లేవండి!" అని భుజం పట్టుకుని గుంజింది. అతను కుర్చీ వదల్లేదు.

"గెంటేస్తే కథ అయిపోతుంది. ఆ భార్య గురించి నువ్వసలేం రాయలేదు."

"రాయడానికేముంది? దానికేం తెలీదు."

"తెలుసు." అతను స్క్రీన్ వైపే చూస్తున్నాడు. "మొదట్నుంచీ అన్నీ తెలుసు. అడిగితే వాడు వెళ్ళిపోతాడేమోనని భయం. అందుకే అడగలేదు."

"చోద్యం కాకపోతే!" ఆమె అతని భుజం వదిలేసింది. "అన్నీ తెలిసి, నోరు మూసుకుని కాపురం చేసేవాళ్ళుంటారా ఎక్కడైనా?"

అతను ఆమె వైపు తిరిగాడు.

"నేను చెయ్యడం లేదూ?"