చివరి పీసు

“అది తీసుకోవద్దమ్మా. నల్లది తీసుకోండి.”

ఆ మాట అన్నది దుకాణదారుడు కాదు. గోడవారగా స్టూలు మీద కూర్చున్న ఒక బట్టతల మనిషి. చూస్తే ఏదైనా కొనడానికి వచ్చినట్టు లేడు.

ఫిజియోథెరపిస్టు, ఆమె ఆడపడుచు ఇద్దరూ తల తిప్పి చూశారు.

చాలాసేపటి నుంచి వాళ్ళు ఆ రెండు లాప్‌టాప్‌ల ముందు తర్జనభర్జన పడుతున్నారు. ధర ఇంచుమించు ఒకటే. వెండి రంగుది సన్నగా, పలకలా తేలిగ్గా ఉంది. నల్లది దిట్టంగా, ఇటుకలా బరువుగా ఉంది. ఇంట్లో కూర్చుని రోగులకు వీడియోలో వ్యాయామాలు చెప్పడానికి ఏదైనా ఒకటే. కానీ అప్పుడప్పుడూ పొరుగూళ్ళలో క్యాంపులుంటాయి. భుజాన వేసుకుని బస్సెక్కాలి.

“సన్నటిదే తీసుకో వదినా. ఇంకేం ఆలోచించకు,” అంటోంది ఆడపడుచు. “ఇదే చివరి పీసట కూడా.”

అప్పుడే అతను కల్పించుకున్నాడు.

“ఎందుకు వద్దంటున్నారు?” అని అడిగింది ఫిజియోథెరపిస్టు.

అతను ఏదో చెప్పబోయి దుకాణదారుడి వంక చూశాడు. దుకాణదారుడు చూపు తిప్పుకుని కౌంటరు తుడవసాగాడు.

“నల్లది చాలాకాలం మన్నుతుందమ్మా,” అన్నాడు చివరికి. “మీ ఇంట్లో పిల్లలున్నారా?”

“ఒక పాప.”

“అయితే నా మాట వినండి. నల్లదే తీసుకోండి.”

అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. కానీ ఆ గొంతు ఇంట్లో పెద్దవాళ్ళు బతిమాలినట్టు ఉంది.

ఆడపడుచు మోచేత్తో పొడిచింది. అయినా ఆమె నల్లదే కొంది.

వీధి మలుపు తిరిగాక ఆడపడుచు గొడుగు మరిచిపోయానంటూ వెనక్కి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆమె ముఖం కందగడ్డలా ఉంది.

“ఆ పెద్దమనిషి ఏం చేశాడో తెలుసా వదినా? మనం గడప దాటామో లేదో, ఆ సన్నటిది తనే కొనేశాడు. సంచిలో పెట్టుకుంటుంటే నా కళ్ళతో నేను చూశాను.”

“సరిగ్గా చూశావా?”

“చూశాను. నోటి దగ్గరది లాక్కుపోయాడు. నువ్వేమో గంగిరెద్దులా తలూపావు.”

రాత్రి భోజనాల దగ్గర భర్త నవ్వాడు. “తల నిమిరి మరీ టోపీ పెట్టాడన్నమాట నీకు.”

ఆమెకు నవ్వు రాలేదు. వస్తువు పోయినందుకు కాదు. పాప ఊసెత్తి నమ్మించాడే, అదే గొంతు దిగలేదు.

క్యాంపుకు వెళ్ళిన ప్రతిసారీ సంచి పట్టీ భుజం కోసేది. బస్సు కుదిపినప్పుడల్లా అతని ముఖం కళ్ళముందు మెదిలేది. నల్లది ఒక్కనాడూ మొరాయించలేదు. అయినా దాన్ని తెరిచినప్పుడల్లా ఆమెకు తాను వెర్రిదాన్నయ్యానన్న సంగతే గుర్తొచ్చేది. ఆ తర్వాత కొత్తవాళ్ళు ఎవరేం చెప్పినా ఆమె ముందుగా అనుమానించడం మొదలుపెట్టింది.

ఒక ఉదయం క్లినిక్‌లో అడుగుపెడుతూనే ఆగిపోయింది.

రోగులు కూర్చునే బెంచీ మీద అతనే.

“నన్ను గుర్తుపట్టారా?” అంది ఆమె.

అతను లేచి నిలబడ్డాడు. “నల్లది బాగా పనిచేస్తోందా అమ్మా?”

ఆ పరామర్శతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

“మీకు కావాలనుకుంటే ఆ మాటే చెప్పాల్సింది. వదిలేసేదాన్ని. మధ్యలో నా బిడ్డనెందుకు తెచ్చారు? సొంత ఆడపడుచు మాట కాదని మిమ్మల్ని నమ్మాను.”

బెంచీల మీదున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. అతను చుట్టూ చూసి తల దించుకున్నాడు.

“మేము బయటికి రాగానే దాన్ని మీరు కొన్నారా, లేదా? అది చెప్పండి.”

“కొన్నానమ్మా.”

“సిగ్గుగా లేదూ మీకు?”

అతను బయటికి వెళ్ళి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

ఆమెకు గుండెల మీద బరువు దిగినట్టయింది. చేతులు కడుక్కుని లోపలి గదిలోకి వెళ్ళింది.

అక్కడ కొత్త పేషెంటు అప్పటికే కూర్చుని ఉంది. కాలేజీ చదువుతున్న అమ్మాయి. కుడి అరచెయ్యంతా కాలి మానిన మచ్చ. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

ఆమె ఒక్కో వేలూ మెల్లగా సాగదీస్తూ అడిగింది. “ఎలా కాలిందమ్మా?”

“ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని చదువుకుంటున్నాను. బ్యాటరీ అంటుకుంది. తోసేసేలోపే చెయ్యి కాలిపోయింది.”

“మరి అమ్మినవాణ్ణి ఊరికే వదిలేశారా?”

“కొట్టు మా బాబాయిదే మేడమ్. ఇంటి పరువు పోతుందని నాన్న బయటపెట్టలేదు. దాన్ని పారేస్తానని బాబాయి మాటిచ్చాడు.” ఆ అమ్మాయి నొప్పికి పళ్ళు బిగపట్టింది. “పారెయ్యలేదు. బాగుచేయించి, కొత్త మూత వేయించి, మళ్ళీ అమ్మకానికి పెట్టాడు.”

ఆమె చేతులు ఆగిపోయాయి.

“నీతో ఎవరొచ్చారమ్మా ఇవాళ?”

“మా నాన్న. బయట బెంచీ మీద కూర్చున్నారు, చూడలేదా మేడమ్? ఇంకెవరి బిడ్డ చెయ్యీ కాలకూడదని, సొంత తమ్ముడికే మళ్ళీ డబ్బు కట్టి ఆ లాప్‌టాప్‌ని ఇంటికి తెచ్చేసుకున్నది ఆయనే.”