చెట్టు దిగేదాకా

"ఒట్టు వెయ్యి అక్కా. ఈసారి అందరికంటే ముందు తిరిగి బస్సెక్కుతానని ఒట్టు వెయ్యి" అంది తోడికోడలు, ఓడ మెట్లు దిగుతూనే.

వార్డెనమ్మ ఒట్టు వేసింది. వెయ్యక చస్తుందా! పోయినేడు ఇదే రేవులో, ఇదే విహారయాత్ర ఓడ, ఆమెని ఒడ్డునే వదిలేసి చక్కా పోయింది మరి.

ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్ నడిపిన మనిషి. గోడ దూకి సినిమాకి పోయిన పిల్ల, నెత్తిన ముసుగేసుకుని తిరిగొచ్చినా నడక చూసి పేరు చెప్పేసేది. రిటైరయ్యాక ఆవిడకి మిగిలిన సరదా ఒక్కటే. అడవులూ, జంతువులూ. ఆ సరదాయే కొంప ముంచింది.

ఈ రేవు దగ్గరి వాన అడవిలో స్లాత్ అని ఓ జంతువుంది. బద్ధకంలో దాన్ని మించింది లేదు. రోజంతా కొమ్మకి వేలాడుతూ నిద్రే. కాలకృత్యానికి మాత్రం వారానికోసారి చెట్టు దిగుతుంది. అది దిగుతుండగా చూడటం మహా అదృష్టమట. పోయినేడు ఆ అదృష్టం వార్డెనమ్మకి పట్టింది, కానీ సగమే పట్టింది. స్లాత్ సగం చెట్టు దిగేసరికి టైమైపోయింది. వదల్లేక వదల్లేక రేవుకి పరిగెత్తుకొస్తే అప్పటికే తాళ్ళు విప్పేశారు. "ఆగండ్రా బాబూ!" అని గొంతు చించుకుంది. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే, పైన తెల్లబట్టల్లో కెప్టెన్ తీరిగ్గా గడియారం చూసుకుంటున్నాడు. ఓడలో ఉండిపోయిన తోడికోడలు బెంగపడి, ఆ రాత్రి ఇద్దరి ఐస్‌క్రీమూ తనే తినేసింది.

ఓడ పోతే పోయింది. స్లాత్ నేల మీద కాలు పెట్టడం చూళ్ళేకపోయిందే, ఆ బాధ మాత్రం ఏడాదంతా ఆమెని తొలిచేసింది. అందుకే మళ్ళీ వచ్చింది.

ఓడ దిగేటప్పుడు బుద్ధిగానే ఉంది. బస్సెక్కి చుట్టూ ఓసారి చూశాక మనసు మారింది. అన్ని ఖాళీ సీట్లుండగా, నల్లకళ్ళద్దాలూ టోపీ పెట్టుకుని, పూల చొక్కాలో ముడుచుకు కూర్చుని గడియారం చూసుకుంటున్న ఒకాయన పక్కన పోయి చతికిలబడింది.

"మొదటిసారా బాబూ?"

"అడవిలోకి మొదటిసారేనండీ. ఇన్నేళ్ళూ దూరం నుంచి చూడటంతోనే సరిపోయింది" అన్నాడు పూల చొక్కా.

"అయితే నా పక్కనే ఉండు. ఈ ఓడ కెప్టెన్ వట్టి రాక్షసుడు." పోయినేటి కథంతా పూసగుచ్చినట్టు చెప్పింది. "ఆ గడియారం ముక్కలైపోను! పెద్దదాన్ని చూసి కూడా రెండు నిమిషాలు ఆగలేకపోయాడు. నువ్వే చెప్పు, వాడు మనిషేనా?"

పూల చొక్కాకి పొలమారింది.

"కాదండీ" అన్నాడు చిన్నగా.

అడవిలో చిలకలు కనిపించాయి. ఎర్ర కప్పలు కనిపించాయి. స్లాత్ కూడా కనిపించింది గానీ, గడ్డిమోపులా కొమ్మకి అంటుకుపోయి ఉలకదు, పలకదు. వార్డెనమ్మ మెడ నొప్పెట్టేదాకా చూసింది. చివరికి గైడు ఈల వేశాడు.

"అందరూ బస్సుకి! నాలుగింటికి ఓడ బయల్దేరుతుంది!"

సరిగ్గా అప్పుడే పైన గడ్డిమోపు కదిలింది. ఒక చెయ్యి చాపింది. కాసేపు ఆలోచించింది. రెండో చెయ్యి చాపింది. దిగుతోంది!

"అక్కా, ఒట్టు!" తోడికోడలు కొంగు పట్టి లాగింది.

"నువ్వు పదవే. నేను వెనక జీపులో వస్తా."

"జీపు ఉంచుతానమ్మా. ఓడ వెళ్ళిపోతే మాత్రం నన్ననొద్దు" అని గైడు మిగతావాళ్ళని తోలుకుపోయాడు.

పూల చొక్కా కూడా వాళ్ళ వెనకాలే అడుగేశాడు. వార్డెనమ్మ చటుక్కున అతని మోచెయ్యి దొరకబుచ్చుకుంది.

"అమ్మో, మోకాలు పట్టేసింది బాబూ! నన్నొక్కదాన్నే అడవిపాలు చేసి పోతావా?"

ఇందాకటిదాకా ఆ మోకాలు గుంటలన్నీ గెంతుకుంటూనే వచ్చింది.

"ఆలస్యమైతే కెప్టెన్ ఊరుకోడండీ" అన్నాడు అతను ఏడుపు గొంతుతో.

"ఆ రాక్షసుడి సంగతి నీకేం తెలుసు? నువ్వూరుకో. అటు చూడు."

అతను నల్లకళ్ళద్దాలు తియ్యబోయి, ఆమె ముఖం చూసి మళ్ళీ పెట్టేసుకున్నాడు. ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. స్లాత్ మధ్యలో ఆగి ఓ కునుకు తీసింది.

దూరంగా ఓడ కూసింది. ఆగి మళ్ళీ కూసింది. మళ్ళీ కూసింది. పోయినేడు ఒక్కసారే కూసి వెళ్ళిపోయింది.

ఇక లాభం లేదనుకున్నాడో ఏమో, పూల చొక్కా వచ్చి ఆమె పక్కనే కూలబడ్డాడు. కాసేపటికి చేతిగడియారం సంగతే మర్చిపోయాడు. "రా నాన్నా, ఇంకొక్క అడుగు" అని గుసగుసగా బతిమాలుతున్నాడు. ఎట్టకేలకి స్లాత్ నేల మీద కాలు పెట్టింది. దర్జాగా పని కానిచ్చింది. వార్డెనమ్మకి సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కకి చూస్తే, నల్లకళ్ళద్దాలు తీసి అతనూ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

రేవులో ఓడ ఎక్కడిదక్కడే ఉంది. జీపు ఆగీ ఆగకముందే పూల చొక్కా దూకి, ఓడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పరిగెత్తాడు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న తోడికోడలు ఎదురొచ్చి విరుచుకుపడింది.

"నీకేమైనా మతి పోయిందా అక్కా? ఓడ వెళ్ళిపోయుంటే ఏం చేసేదానివి?"

వార్డెనమ్మ మోకాలు సుబ్బరంగా వంచి మొదటి మెట్టెక్కింది.

"నడిపేవాడు నా పక్కన కూర్చుని స్లాత్‌ని చూస్తుంటే, ఓడ ఎలా వెళ్తుందే పిచ్చిదానా?"