వంటింటి తలుపు

కారుణ్య "వంట" అన్న బొమ్మ మీద నొక్కగానే జట్టులో అందరూ నవ్వారు.

ఫోన్‌లో ఆడే ఆ ఆటలో ప్రతి పాత్రకీ ఒక చేతిపని ఎంచుకోవాలి. కమ్మరి అయితే కత్తులు చేయొచ్చు. దర్జీ అయితే అంగీలు కుట్టొచ్చు. ఒకసారి ఎంచుకుంటే ఇక మార్చుకోవడం కుదరదు.

"కమ్మరి తీసుకోవాల్సింది దీదీ. ఇప్పుడు కోటలో గరిటె తిప్పుకో" అన్నాడు తమ్ముడు జాబేజ్.

ఆట బయటా ఆమె ఎంచుకున్నది గరిటెనే. హౌరా పక్కన తాముండే లిలువా రైల్వే వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేరే అవకాశం వస్తే వదులుకుని హోటల్ వంట నేర్చుకుంది.

అదే వర్క్‌షాప్‌లో ఫిట్టరైన తండ్రి యేసురత్నం "వంటింట్లో కూకోడానికా నిన్ను చదివించినాను?" అన్నాడు. ఆ తర్వాత కూతురితో మాటలు మానేశాడు.

ఇప్పుడు విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్లో ఉద్యోగం వచ్చింది. సోమవారమే ప్రయాణం.

వెళ్లేలోపు నాన్న నోట "బాగుంది" అన్న ఒక్క మాట వినాలని కారుణ్య ఆశ. అందుకే ఇంట్లో వంటంతా తనే చేస్తోంది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. తింటాడు. చెయ్యి కడుక్కుని లేస్తాడు. మొండితనానికి పోటీ పెడితే లిలువాలో మొదటి బహుమతి ఆయనదే.

ఇంట్లో దొరకని మెప్పు ఆటలోనైనా దొరుకుతుందేమోనని కోటలో వంటిల్లు తెరిచింది. ఎవరూ రాలేదు. అందరికీ యుద్ధమే కావాలి.

ఒక్కడు మాత్రం వచ్చాడు. పేరు లాంతరు.

"ఏటి వండినావు?" అని ఇంగ్లీషు అక్షరాల్లో అడిగాడు.

కారుణ్య ఉలిక్కిపడింది. ఆటలో ఆమె పేరు వేరు. తెలుగమ్మాయని వీడికెలా తెలిసింది?

"ఏటి అన్నాడా? అయితే మనోడే దీదీ. ఈ లిలువాలోనో, టికియాపారాలోనో ఉంటాడు. జాగర్త" అన్నాడు జాబేజ్.

లాంతరు రోజూ వచ్చేవాడు. కత్తి పట్టడు, కోట దాటడు. నేరుగా వంటింటికే. పైగా వాడి తీరే వేరు. గిన్నె ముందు పెట్టగానే తినడు. మోకాళ్ల మీద కూర్చుని, కాసేపు కదలకుండా ఉండి, అప్పుడు తింటాడు.

"అదేదో చీటింగ్ దీదీ. వాడలా బిగుసుకుపోయాడంటే, వెనకాల నీ అకౌంట్ కాజేస్తున్నాడన్నమాటే."

"నా అకౌంట్లో ఏముందని? నాలుగు ఉల్లిపాయలు."

నవ్వేసింది గానీ, అనుమానం మాత్రం వదల్లేదు. మర్నాడు లాంతరు రాగానే అడిగేసింది.

"నువ్వెవరు?"

"తినీవోడిని."

"ఎక్కడుంటావు?"

జవాబుగా ఒక్క మాటే వచ్చింది. "దగ్గరే."

కారుణ్య ఫోన్ బోర్లా పెట్టేసింది. వీధిలోకి వెళ్తే ప్రతివాడి చేతిలోని ఫోనూ అనుమానంగానే కనిపించింది. పాల దుకాణంవాడు నవ్వితే వీడేనేమో అనుకుంది. చర్చిలో పాటలకి తబలా వాయించే అతను పలకరిస్తే ముఖం తిప్పుకుంది.

ఆదివారం సాయంత్రం లాంతరు మళ్లీ వచ్చాడు. చారు తాగాడు. వెంటనే వెళ్లిపోలేదు. ఏదో రాస్తూ, చెరిపేస్తూ ఉన్నట్టు తెర మీద చుక్కలు ఆడాయి.

చివరికి మాట వచ్చింది.

"ఇది బాగుంది. నిన్న వండినావే చేపల పులుసు, అది ఇంకా బాగుంది."

ఆటలో చేపల పులుసు లేదు. నిన్న అది వండింది ఇంట్లో!

"కిటికీ!" అని అరిచింది. ఇద్దరూ వంటింట్లోకి పరుగెత్తారు. కిటికీ తెరిచే ఉంది. బయట ఇరుకు సందు.

"ఎవడో నిలబడి చూస్తున్నాడు దీదీ. నాన్నకి చెబుదామా?"

"నాతో మాట్లాడితే కదా చెప్పడానికి!"

"అయితే బ్లాక్ చేసెయ్. నీ వంటింటి తలుపు ఇక వాడికి తెరుచుకోదు."

చేసేసింది. దొంగని పట్టించినంత హాయిగా అనిపించింది.

సోమవారం హౌరా స్టేషన్‌కి అందరూ వచ్చారు. యేసురత్నం పెట్టెను బెర్తు కిందికి తోసి, గొలుసు చుట్టి, తాళం బిగించి లాగి చూశాడు. తాళంచెవిని భార్య చేతికిచ్చి, కూతురికి ఇమ్మన్నట్టు గడ్డం ఊపాడు. బండి కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు.

కారుణ్యకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవడో దారినపోయేవాడు మెచ్చుకున్నాడు, కన్నతండ్రికి నోరు రాలేదు అనుకుంది.

ఖరగ్‌పూర్ దాటాక తల్లి విజయ కుమారి ఫోన్ చేసింది.

"తిన్నావా అమ్మా? మీ నాన్న నిన్నొకటి అడగమంటన్నాడు. తనడిగినట్టు నీకు సెప్పొద్దంట."

"ఏటమ్మా?"

"నాకేటి తెలుసు? ఫోన్లో ఏదో ఆటంట, లాంతరని పేరెట్టుకున్నాడంట, నీ వంటింటి తలుపు నిన్నట్నించీ తనకొక్కడికే తెరుచుకోట్లేదంట."