మీ మాట అర్థం కాలేదు

"క్షమించండి. మీ మాట అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి."

ఫోన్‌లో ఆ గొంతు అలా అనడం ఇది ఐదోసారి.

"పిలగానికి జరం అంటున్న! మూడు దినాల సంది దిగుతలేదు!" మహేశ్వరి అరిచింది.

చంకలో చింటు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు. పద్నాలుగు నెలల పిల్లవాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. పోయిన నెల ఇలాగే జ్వరం ఎక్కువై, కాళ్లూ చేతులూ కొట్టుకుని కళ్లు తేలేశాడు. మళ్లీ జ్వరం మందుకు తగ్గకుండా పెరిగితే ఆలస్యం చెయ్యొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. అందుకే ఆటో కోసం కూడా చూడకుండా చిక్కడపల్లి నుంచి నారాయణగూడలోని ఈ పిల్లల ఆసుపత్రికి పరుగులాంటి నడకతో వచ్చింది.

డాక్టర్ గారు లోపలే ఉన్నారు. ఫోన్‌లో ఈ గొంతు ఇవ్వాల్సిన టోకెనే ఇంకా లేదు. పన్నెండుకు ఆయన వెళ్లిపోతారు. గోడ గడియారంలో పదకొండూ నలభై.

"మేడం, జర చేత్తోని రాసియ్యరాదు?" కౌంటర్ మీదికి వంగి అడిగింది.

"ఇయ్యాల్టి సంది చేత్తో రాసుడు బంద్ అక్కా. అంత ఫోన్‌లనే," అంది కౌంటర్‌లో ఉన్న రాగిణి. "యూరప్‌ల పది దేశాల దవాఖానలు, డాక్టర్లు, కంపెనీలు అందరు కూసోని చేసిన సిస్టం ఇది. పగటీలి రెండింటికి వాళ్ల మనుషులు చూడనీకి వస్తున్రు. ఒక్క టోకెన్ చేత్తో రాసినా మా మేనేజర్ సార్ నన్ను ఇంటికి తోలుతడు."

"వాళ్లు వచ్చేది పగటీలి. డాక్టర్ సార్ పోయేది పన్నెండుకు. మధ్యల నా పిలగాడు ఏం గావాలె?"

"తెలుగుల చెప్తే చాలక్కా. టోకెన్ అదే ఇస్తది."

"నేను చెప్తున్నది ఏం భాష మరి? పోనీ, నొక్కుడు బటన్లన్న లేవా?"

"లెవ్వు. చదువు రానోళ్లకు అలకగ ఉండాలెనని మాటలే పెట్టిన్రు."

"అంటే ఇది మా కోసమే పెట్టిన్రా?"

రాగిణి కంప్యూటర్ వైపు తిరిగింది.

"నువ్వన్న చెప్పు మేడం, నీ కాళ్లు మొక్కుతా."

"మేం చెప్పొద్దు. తల్లో తండ్రో చెప్పాల్నంట. రూలు."

వెనక బెంచీ మీద మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న జగదీశ్వర్ అనే పెద్దాయన నవ్వాడు. ఆయన టోకెన్ కొడుకు ఇంటి దగ్గరే తీసి పంపాడు; పాపను చూపించడం అయిపోయి, మందుల కోసం ఆగాడు.

"నీ మాట జడ్చర్ల దిక్కుది లెక్కున్నదమ్మా. ఆ మిషన్‌కు జర్మనీ అర్థమైతది గని జడ్చర్ల అర్థం గాదు."

మహేశ్వరికి నవ్వు రాలేదు. మళ్లీ నంబరు కొట్టింది.

"నమస్కారం. మీ బిడ్డ ఆరోగ్యం మా బాధ్యత. దయచేసి సమస్య ఏమిటో చెప్పండి."

చింటు ఏడుపు ఆపాడు. ఫోన్ వంకే చూడసాగాడు.

"చూసినవా, పిలగాడు గూడ సల్లవడ్డడు," అంది రాగిణి. "ఎంత మంచిగ మాట్లాడుతదో. నువ్వే ఊకె గరమైతున్నవ్."

"నాకు ఆ గొంతు ఇంటెనే ఒళ్లు మండుతున్నది," అని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "కక్కుతున్నడు. పాలు ముడుతలేడు. ఒళ్లంత కాలుతున్నది."

"క్షమించండి..."

"మీ మాట అర్థం కాలేదు, దయచేసి మళ్లీ చెప్పండి," మిగతాది మహేశ్వరే పళ్లు కొరుకుతూ అనేసింది.

"ఈమెకు పిల్లలు లేరనుకుంట," అన్నాడు జగదీశ్వర్. "ఉంటే గింత నిమ్మళంగ ఎట్ల మాట్లాడుతది?"

"అప్పటికి పుట్టలేదేమో సారూ!" మహేశ్వరి కసిరినట్టే అంది.

పదకొండూ యాభై రెండు. డాక్టర్ గది తలుపు తెరుచుకుంది. నర్సు ఆయన సంచీ బయటికి తెచ్చి కుర్చీ మీద పెట్టింది. చింటు తల మహేశ్వరి భుజం మీద వాలిపోయింది. ఇప్పుడు వాడు ఏడవడం కూడా లేదు.

మహేశ్వరి అరవడం మానేసింది. పిల్లవాణ్ణి కౌంటర్ మీదుగా రాగిణి చేతుల్లో పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. నిటారుగా నిలబడి, పెదాలు తడుపుకుని, ఒకసారి నిండుగా ఊపిరి తీసుకుంది. నంబరు కొట్టింది.

"నా బిడ్డకు మూడు రోజులుగా తీవ్రమైన జ్వరం ఉంది. వాంతులు అవుతున్నాయి. పాలు తాగడం లేదు."

ఒక్కో మాటా విడివిడిగా, మెత్తగా వచ్చింది. అందులో కోపం లేదు, భయం లేదు, ఊరు లేదు.

ఫోన్‌లో టింగుమని చప్పుడైంది.

"ధన్యవాదాలు. మీ టోకెన్ సంఖ్య పంతొమ్మిది. దయచేసి లోపలికి వెళ్లండి."

జగదీశ్వర్ బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. నర్సు సంచీ మళ్లీ లోపలికి తీసుకుపోతూ "పంతొమ్మిదీ!" అని కేకేసింది.

రాగిణి నోరు తెరుచుకుని పిల్లవాణ్ణి అందించింది. "అమ్మో! అచ్చం ఆమె లెక్కనే మాట్లాడినవ్ గదక్కా! యాడ నేర్చుకున్నవ్?"

మహేశ్వరి చింటును లాక్కున్నట్టే తీసుకుని, తలుపు వైపు నడుస్తూనే అంది.

"నేర్చుకునుడేంది మేడం, ఆ ఫోన్‌ల వచ్చే మాటలన్నీ రెండేండ్ల కింద అశోక్ నగర్‌ల ఒక రికార్డింగ్ రూంల కూసోని, కాగితం చూసి సదివింది నేనే."