బొత్తామంత సెల్లు

"ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఏం చేశారు సార్ దీన్ని?" అన్నాడు మెకానిక్.

డెస్క్‌టాప్‌ను డ్రైవరెవరో మోసుకొచ్చి పెట్టి వెళ్లాడు. ఖాళీ చేతులతో రెండంతస్తులెక్కిన పెద్దాయనకే ఆయాసం తగ్గలేదు.

"స్పీడు పెంచాను బాబూ. కంపెనీవాడు పెట్టినదానికన్నా ఎక్కువ."

"ఓవర్‌క్లాకింగా! ఈ వయసులో మీకిదేం సరదా?"

అదే గదిలో జెరాక్సు మిషన్ నడిపే అక్క తలెత్తింది.

"ముందు కుర్చీ వెయ్యి తమ్ముడూ. వెటకారం తర్వాత."

పెద్దాయన కూర్చున్నాడు. కాస్త ఊపిరి అందాక చెప్పాడు.

"ఆ స్పీడు దాని బుర్రలో ఉండిపోయింది. లేవగానే మళ్లీ అలాగే పరిగెత్తబోయి పడిపోతోంది. వైరు పీకేసి, బోర్డు మీద ఆ బొత్తామంత సెల్లు తీసేస్తే మరిచిపోతుంది. నా చేతులు వణుకుతాయి. లేకపోతే నేనే తీసేవాణ్ని."

"అది నాకూ తెలుసు సార్."

మెకానిక్ సెల్లు తీశాడు. రెండు నిమిషాలు ఆగి పెట్టాడు. తెర నల్లగానే ఉంది.

"ఈ బోర్డు మొండిది బాబూ. రెండు నిమిషాలకు లొంగదు. ఒక రోజంతా వదిలెయ్యాలి."

"రోజంతా వదిలేసే వైద్యం నేనెక్కడా వినలేదు. బోర్డే పోయుంటుంది. అయినా మా గురువుగారిని అడిగి చూస్తాను."

ఆ గురువుగారిని అతనెన్నడూ చూడలేదు. మెకానిక్కుల వెబ్‌సైటులో 'చివరి స్క్రూ' అన్న మారుపేరుతో జవాబులు రాసే మనిషి. కాలేజీ గడప తొక్కని మెకానిక్‌కు ఈ విద్యంతా ఆయన పెట్టిన భిక్షే.

"ఎప్పటికి కావాలి మీకు?"

"సోమవారం ఆసుపత్రిలో చేరాలి. తిరిగొస్తానో లేదో. ఆలోగా ఒకబ్బాయికి జవాబు చెప్పాలి. మాటిచ్చాను."

"ఫోన్ చేసి చెప్పెయ్యండి."

"నంబరు తెలీదు. పేరూ తెలీదు."

"పోనీ, నా కంప్యూటర్లో రాసి పంపండి."

"పాస్‌వర్డు ఆ డబ్బాలోనే ఉంది బాబూ. నా బుర్రకు సెల్లు తీసేసి చాలా కాలమైంది."

అక్కతో పాటు మెకానిక్ కూడా నవ్వాడు.

గురువారం పెద్దాయన మళ్లీ వచ్చాడు.

"అడిగాను సార్. ఆయనింకా పలకలేదు."

"ఎవరయ్యా ఆయన?"

"మీకు చెప్పినా తెలీదులెండి."

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. మంచినీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

"పాపం, ఆయన చెప్పినట్టే చేసి చూడరాదూ? నీ సొమ్మేం పోతుంది?" అంది అక్క.

"టేబులు ఖాళీ ఉండొద్దూ! గురువుగారు ఒక్క మాటంటే చాలక్కా. ఏమైపోయారో మరి. స్టూడియోవాళ్ల మిషన్ స్పీడు ఎంత పెంచొచ్చని పది రోజుల కిందట అడిగాను. 'ఆగు బాబూ, చూసి చెబుతాను' అన్నారు. అంతే, మాయం."

"నీ ప్రశ్నలకు జడిసి పారిపోయుంటాడు."

శనివారం పెద్దాయన మెట్ల మలుపు దగ్గర చాలాసేపు ఆగి పైకొచ్చాడు. అప్పటికి డబ్బా టేబులు మీంచి గూట్లోకి పోయింది.

"సెల్లు తీసి ఉంచావా?"

"చూద్దాం సార్. పని ఎక్కువగా ఉంది."

"రేపు?"

"రేపు ఆదివారం. సెలవు."

"సరేలే బాబూ" అని రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగిపోయాడు.

సోమవారం ఎవరికో సెల్లు కావాల్సి వచ్చింది. కొట్లో కొత్తవి లేవు. మెకానిక్ గూట్లోని డబ్బాలోంచి పీకి ఇచ్చేశాడు. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

మూడు వారాలకు ఒకావిడ వచ్చింది.

"నాన్నగారి డెస్క్‌టాప్ మీ దగ్గరుందన్నారు."

"ఉందమ్మా. ఎలా ఉన్నారు సార్?"

"ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజునే పోయారు."

అక్క జెరాక్సు మిషన్ ఆపేసింది.

మెకానిక్ గూటి దగ్గరికి వెళ్లాడు. డబ్బా దించి దుమ్ము తుడిచాడు. మూడు వారాల కిందట పీకేసిన సెల్లు అప్పుడు గుర్తొచ్చింది. మనిషి పోయాక వస్తువునైనా సరిగ్గా అప్పగించాలని కొత్తది వేసి, వైరు గుచ్చి, స్విచ్చి నొక్కాడు.

లోపల్నుంచి కీచుమని చిన్న కూత. తెర వెలిగింది.

"బాగు చేశారే!" అందామె. కళ్లు తుడుచుకుని, తండ్రి కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది.

"నేను కాదమ్మా" అన్నాడు మెకానిక్. ఆ మాట ఆమెకు వినపడలేదు.

తెర మీద ఒక చిట్టా దానంతటదే తెరుచుకుంది.

"ఇది నాన్నగారిది. పొద్దున్నే ముందు ఇదే కనబడాలని అలా పెట్టుకున్నారు. ఎవరేం అడిగినా ముందు తన మిషన్ మీద చేసి చూడందే చెప్పేవారు కాదు. దీన్ని ఎన్నిసార్లు పాడుచేసుకున్నారో!"

చిట్టా పైన 'చివరి స్క్రూ చెప్పాల్సినవి' అని ఉంది.

మెకానిక్ ఆ పేరు మళ్లీ చదివాడు.

వందల ప్రశ్నలు. ఒక్కోదాని పక్కన 'చెప్పాను', 'చెప్పాను', 'చెప్పాను'.

ఆమె కిందికి జరుపుకుంటూ పోయి ఆఖరిదాని దగ్గర ఆగింది.

"పాపం, ఇదొక్కటే మిగిలిపోయింది" అని పైకి చదివింది: "స్టూడియో మిషన్ స్పీడు పెంచొచ్చా అని అడిగిన అబ్బాయికి. ఇంకొకరి మిషన్ కాల్చి చిక్కుల్లో పడతాడు, ముందు నాదాని మీద పెట్టి చూడాలి."