ఫ్యాన్‌లో అగ్గిపుల్ల

మూడోసారి ఫోను వచ్చేసరికి కంప్యూటర్లు బాగుచేసే యావోర్‌కు చిరాకేసింది.

"మేస్త్రీ, మళ్లీ అదే చప్పుడు," అంది రలిత్స. "నాతో మాట్లాడేవాళ్లకు కూడా వినిపిస్తోందట. ఇలాగైతే నా ఉద్యోగం ఉండదు."

ఆమె ఇంట్లోనే కూర్చుని ఒక జర్మన్ కంపెనీకి వచ్చే ఫోన్లకు జవాబు చెబుతుంది. విదిన్ ఊరి చివర, దాన్యూబ్ నది గట్టు పక్క వీధిలో వాళ్ల బాబాయి ఇల్లు. ఆయనకు కాళ్లు పడిపోయాయి. పది నిమిషాలైనా ఆయన్ను వదిలి బయటికి రాలేనంటుంది. అందుకే ప్రతిసారీ యావోరే సంచి భుజాన వేసుకుని వెళ్లాల్సి వస్తోంది.

మొదటిసారి కంప్యూటర్ విప్పితే ఫ్యాన్ బేరింగు అరిగిపోయి ఉంది. కొత్త ఫ్యాన్ వేశాడు. వారం తిరక్కుండా మళ్లీ టకటకమంది. ఈసారి రెక్కల మధ్య విరిగిన అగ్గిపుల్ల కనిపించింది. పొరపాటున పడి ఉంటుందనుకున్నాడు.

మూడోసారి కూడా రలిత్స తలుపుకున్న రెండు తాళాలూ తీసి అతన్ని లోపలికి రానిచ్చి, మళ్లీ రెండూ వేసింది. ఆ తాళాలెందుకో మొదటిరోజే చెప్పింది.

"చక్రాల కుర్చీ తోసుకుంటూ వీధిలోకి వెళ్లిపోతాడు. ఒక్కోరోజు నన్నే గుర్తుపట్టడు. ఏం చేస్తాం? మా నాన్న, ఈయన ఒక తల్లి బిడ్డలు. నేను చూడకపోతే ఎవరు చూస్తారు?"

స్తమెన్ ముసలాయన చక్రాల కుర్చీలో, కంప్యూటర్ పక్కనే ఉన్నాడు. యావోర్‌ను చూడగానే మొదలుపెట్టాడు.

"వచ్చావా మేస్త్రీ? ఇంత ఫ్యాన్‌కి ఎన్నిసార్లొస్తావురా? నీ చేతికి గడియారం ఇస్తే రోట్లో పచ్చడై తిరిగొస్తుంది."

"మీలాంటి గిరాకీ ఉంటే నాకు రోజూ పండగే తాతా."

"ఒక్కడివే వస్తావేం? నీవల్ల కావడం లేదుగా. మీ యజమానిని తీసుకురా. నలుగుర్ని తీసుకురా."

"బాబాయ్," అంది రలిత్స మెల్లగా. ముసలాయన నోరు మూశాడు.

యావోర్ మూత విప్పాడు. మళ్లీ అగ్గిపుల్లే. ఇంకా వెలిగించనిది. ఒక రెక్క విరిగిపోయింది. తలెత్తి చూశాడు. ముసలాయన ఒళ్లో దుప్పటి కింద అగ్గిపెట్టె అంచు కనిపిస్తోంది. చెయ్యి చాచి దాన్ని తీసేసుకున్నాడు.

"ఇది మీ పనేనా?"

"నా పనే. రేపు ఇంకోటి పెడతా. ఎల్లుండి మళ్లీ రా."

రలిత్స కళ్లు నిండిపోయాయి. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "చూశారుగా మేస్త్రీ. పగలూ రాత్రీ ఇదే," అంది.

యావోర్‌కు జాలేసింది. చివరి రోజుల్లో వాళ్ల నాయనమ్మ కూడా వాళ్లమ్మను ఇలాగే ఏడిపించింది. విరిగిన ఫ్యాన్ తీసి ఇంకోటి బిగించాడు.

"ఈయన్ను దీని దగ్గరకు రానివ్వకండి," అన్నాడు.

"వెనక గదిలో ఉంచుదామంటే నా ఒక్కదానివల్ల కావడం లేదు. చక్రాలకు బ్రేకు పట్టేస్తాడు. మీరొక చెయ్యి వేస్తే..."

యావోర్ కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ముసలాయన బ్రేకు పట్టుకున్నాడు. యావోర్ దాన్ని వదిలించి కుర్చీని నడవలోంచి తోసుకెళ్లాడు. గది గుమ్మం దగ్గర ముసలాయన రెండు చేతులతో ద్వారబంధం పట్టుకున్నాడు. ఆ వేళ్లను యావోర్ ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. అవి చల్లగా ఉన్నాయి. బలం మాత్రం ఇంకా ఉంది.

లోపల ఒక మంచం, ఒక బకెట్టు. ఉన్న ఒక్క కిటికీ తలుపులకూ మేకులు కొట్టి ఉన్నాయి.

"నది గాలి కొడుతుందని," అంది రలిత్స.

ముసలాయన ఇప్పుడు ఎగతాళి చేయడం లేదు. యావోర్ చొక్కా చెయ్యి పట్టుకుని, అతనికి మాత్రమే వినిపించేలా అన్నాడు.

"చప్పుడు ఉండనియ్యరా, అబ్బాయ్."

"ఆమె ఉద్యోగం పోతుంది తాతా. కాస్త ఆలోచించండి."

బయటికి వచ్చాక రలిత్స ఇంకో సాయం అడిగింది. వంటింటి పొయ్యి దగ్గరకు వెళ్లి ఒళ్లు కాల్చుకుంటాడేమోనని భయంగా ఉందట. ఆ వెనక గది తలుపుకు బయటివైపు ఒక గడియ బిగిస్తే చాలంది. సంచిలో స్క్రూలు ఉన్నాయి. గడియ ఆమె ముందే కొని పెట్టుకుంది. యావోర్ ఐదు నిమిషాల్లో బిగించి, రెండుసార్లు లాగి చూశాడు. కదల్లేదు.

తర్వాత కంప్యూటర్ వేశాడు. ఇద్దరూ నిలబడి విన్నారు. ఏ చప్పుడూ లేదు. వెనక గదిలోంచి కూడా.

మూడు వారాలైనా ఫోను రాలేదు. అలవాటు కొద్దీ యావోరే చేశాడు.

"ఫ్యాన్ ఎలా ఉందండీ?"

"చాలా బాగుంది. ఇంట్లో ఇప్పుడు ఏ చప్పుడూ లేదు మేస్త్రీ. ఇక మీరు రానక్కర్లేదు."

తన పనిని తానే మెచ్చుకున్నాడు యావోర్.

ఆ ఆదివారం వాళ్లమ్మ నెవెన పెరట్లో పెద్ద పెద్ద ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది. అతను పక్కన కూర్చుని తొక్కలు తీస్తూ, అగ్గిపుల్లల ముసలాయన సంగతి నవ్వుతూ చెప్పాడు.

"ఏ స్తమెన్‌రా? రేవులో క్రేను నడిపినాయనా?"

"ఆయనే. నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి. పెళ్లయ్యేదాకా మేమున్నది వాళ్ల పక్కింట్లోనే. నా చిన్నప్పుడు వాళ్లమ్మే నాకు జడలు వేసేది."

"పాపం అన్న కూతురు కనక ఓపిగ్గా చూస్తోందమ్మా. ఇంకొకరైతే ఎప్పుడో వదిలేసి పోయేవాళ్లు."

నెవెన చేతిలోని మిరపకాయను పక్కన పెట్టి కొడుకు వంక చూసింది.

"వాళ్లమ్మకు స్తమెన్ ఒక్కడే బిడ్డ కదరా, ఈ అన్న ఎక్కణ్ణుంచి వచ్చాడు?"